గాయం నుంచి కోలుకున్న పిచ్చర్‌ను ఎప్పుడు ఆడించాలి?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్యతో కలిసి, డబ్బు పందెం లేకుండా ఫ్యాంటసీ బేస్‌బాల్ (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, మ్యాచ్‌లలో వారి ప్రదర్శనను బట్టి పాయింట్లు పొందే ఆట) ఆడుతున్నాను. మోచేతి శస్త్రచికిత్స నుంచి కోలుకున్న పిచ్చర్‌ను (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాణ్ణి) నా జట్టులోకి తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తీసుకోండి, కానీ వెంటనే ఆడించకండి. 1974లో తొలిసారి జరిగిన టామీ జాన్ శస్త్రచికిత్స (మోచేతిలో దెబ్బతిన్న లిగమెంటును సరిచేసేది) తర్వాత కోలుకోవడానికి సాధారణంగా 12 నుంచి 18 నెలలు పడుతుంది. బంతి వేగం ముందే తిరిగి వచ్చినా, అనుకున్న చోట వేసే పట్టు తరచూ ఆలస్యంగా కుదురుతుంది కాబట్టి, మైనర్ లీగ్ (కింది స్థాయి) సన్నాహక మ్యాచ్‌లలో అతడు ఎన్ని బంతులు వేశాడో, ఎన్ని వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) ఇచ్చాడో తప్పక గమనించండి. బ్యాటింగ్, పిచ్చింగ్ రెండూ చేసే జపాన్ స్టార్ ఓహ్తానీ అంతటివాడు కూడా 2025 జూన్‌లో మళ్ళీ బౌలింగ్ మొదలుపెట్టినప్పుడు తొలి మ్యాచ్‌లో ఒక్క ఇన్నింగ్సే (బేస్‌బాల్‌లో ప్రత్యర్థి బ్యాటర్లు ముగ్గురు అవుటయ్యేవరకు సాగే వంతు) వేశాడు. స్టార్టర్ (మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచ్చర్) ఖాతాలో గెలుపు పడాలంటే కనీసం 5 ఇన్నింగ్స్ వేయాలి గనుక, ఆ స్థాయికి చేరేవరకు, ఎంత ఆశ కలిగినా, అతణ్ణి బెంచి మీదే ఉంచండి.