తలుపు తట్టే పిల్లల కోసం

చిరంజీవి అమ్మాయికి,

హాస్టల్ వార్డెన్‌గా చేరానని రాశావు. సంతోషం. "ఎవరైనా చచ్చిపోవాలనుందంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు మాస్టారూ" అన్నావు. ఇరవై రెండేళ్లు ఆ ఉద్యోగం చేసినవాణ్ని, నాకు తెలిసింది చెబుతాను.

ముందు నా తప్పు విను. చేరిన కొత్తలో ఒక కుర్రాడు రాత్రి నా గదికొచ్చాడు. రెండు పేపర్లు పోయాయి, ఇంట్లో చెప్పే ముఖం లేదన్నాడు. "ఇంతమాత్రానికేనా? మళ్లీ రాసుకోవచ్చుగా" అంటూ అరగంట ధైర్యం నూరిపోశాను. సరే సార్ అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి వాణ్ని కనిపెట్టుకుని ఉన్నది రూమ్మేట్, నేను కాదు. చాన్నాళ్లకు వాడే అన్నాడు: "అసలు మాట చెప్పేలోపే మీరు అందుకున్నారు సార్."

అందుకని ముందు నోరు కట్టుకో. తర్వాత సూటిగా అడుగు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటే వాడు. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా" అంటే "లేవండి" అనే అంటారు, నీకు కావలసిన జవాబు నువ్వే అందించావు మరి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా జరగదని పరిశోధనల్లో తేలింది. నేను చూసిందీ అదే: అడగ్గానే బరువు దిగినట్టు భోరున ఏడ్చేవాళ్లు.

అవునంటే, ఎప్పుడు, ఎలా అనుకుంటున్నారో కూడా అడుగు. ప్రమాదకరమైనదేదైనా దగ్గరుంటే గదిలోంచి తీయించు. ఒంటరిగా మాత్రం వదలకు. కౌన్సిలర్‌కో డాక్టర్‌కో అప్పజెప్పేదాకా పక్కనే ఉండు. హెల్ప్‌లైన్ నంబర్ చేతిలో పెట్టి పంపడం సాయం కాదు, నువ్వే కలిపి ఫోన్ ఇవ్వు. "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటారు. ఇవ్వకు. ఎవరికి చెప్పబోతున్నావన్నది ముందు ఆ పిల్లలకే చెప్పు. ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ఎవరితో మాట్లాడమంటావని అడుగు. ఒక్కోసారి భయమంతా ఆ ఇంటి గురించే ఉంటుంది.

ఆ ఒక్క రాత్రి గడిపిస్తే ఏం లాభం, రేపు మళ్లీ అదేగా అనిపిస్తుంది నీకు. రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు, ఆఖరి క్షణంలో ఇతరులు ఆపిన 515 మంది ఏమయ్యారో ఏళ్ల తర్వాత ఆరా తీసి 1978లో రాశాడు. దాదాపు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజంగా పోయారు. ఒక్క రాత్రి విలువ అది.

ఇక గుర్తుల సంగతి. క్లాసులు మానేయడం, పగలంతా పడుకోవడం, ఇష్టంగా దాచుకున్నవి పంచిపెట్టడం, ఎన్నాళ్లో దిగులుగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి ప్రశాంతంగా కనిపించడం. వీటిని ముందు పసిగట్టేది నువ్వు కాదు. మెస్‌లో వడ్డించేవాళ్లు, వాచ్‌మన్, పక్క మంచం పిల్ల. వాళ్లతో మాటామంతీ ఉంచుకో. ఏడాదికోసారి పెట్టే సెమినార్ ఫొటోలకు బాగుంటుంది, అంతకుమించి నాకేం కనబడలేదు.

అందరూ మర్చిపోయేది తర్వాతి రోజుల్ని. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన పిల్లను చూసి అందరూ తప్పుకుంటారు, ఏం మాట్లాడాలో తెలియక. జెరోమ్ మోటో అనే అమెరికా సైకియాట్రిస్టు, ఆసుపత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిలో దాదాపు సగం మందికి ఐదేళ్లపాటు చిన్న ఉత్తరాలు పంపించాడు. ఎలా ఉన్నారు, బాగున్నారనుకుంటాం, అంతే. సలహాలేం లేవు. మొదటి రెండేళ్లలో ఆ ఉత్తరాలు అందినవాళ్లలో ఆత్మహత్యలు తక్కువ. కాబట్టి ఏదో వంకతో ఆ తలుపు తట్టు. పుస్తకం ఇవ్వడానికో, ఫ్యాన్ తిరుగుతోందా అని అడగడానికో.

అలాంటి రాత్రి తర్వాత నీకూ నిద్ర పట్టదు. నాకెలాగూ ఈ వయసులో నిద్ర తక్కువే, ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు