ఓపెన్ పేపర్ల మీద లాంబోర్గినీ కొనవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాద్‌లో ఓ బ్రోకరు 2016 మోడల్ లాంబోర్గినీ హురకాన్ చూపించారు. రిజిస్ట్రేషన్ పుదుచ్చేరిది. ఆర్సీ ముంబయిలోని ఓ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు మీద ఉంది. బ్యాంకు లోను ఇంకా కొంత మిగిలి ఉందట. ధర రూ.2.10 కోట్లు, అందులో రూ.40 లక్షలు నగదుగా ఇవ్వాలంటున్నారు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తాం, పేరు మార్పు తీరిగ్గా చేయించుకోండి అంటున్నారు. టోకెన్‌గా రూ.5 లక్షలు బ్రోకరు ఖాతాకు పంపాను. కొనవచ్చా?

జవాబు: ఈ షరతుల మీద కొనవద్దు. కారు మంచిదే కావచ్చు. కానీ ఇలాంటి కారులో ఇంజిన్ చెడితే పోయేది లక్షలు, కాగితం చెడితే పోయేది కారు మొత్తం.

ముందు ఓపెన్ పేపర్ల సంగతి, అంటే పేరు మార్పు ఫారాల మీద సంతకాలు మాత్రం పెట్టి ఇచ్చేయడం. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 50 ప్రకారం కొన్న 30 రోజుల్లోగా మీరు నివసించే చోటి ఆర్టీఏకు పేరు మార్పు కోసం తెలియజేయాలి. ఆర్సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఆ తీర్పు ప్రమాద పరిహారం గురించి వచ్చింది కనుక దాన్ని అమ్మేవాళ్ల తలనొప్పిగానే చాలామంది చూస్తారు. మీకూ నష్టమే. పేరు మారకముందే ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రైబ్యునల్) మారటోరియం, అంటే కంపెనీ ఆస్తులు చేతులు మారకుండా నిషేధం, అమల్లోకి వస్తుంది, మీ ఇంటి ముందున్న కారు కంపెనీ ఆస్తుల జాబితాలో చేరవచ్చు. ఈలోగా కారు గోడకు గుద్దుకుంటే సొంత నష్టం క్లెయిమ్ మీకు రాదు. సెక్షన్ 157 కింద కొన్నవారికి దానంతట అదే బదిలీ అయ్యేది థర్డ్ పార్టీ కవర్ (ఎదుటివారికి జరిగిన నష్టానికి బీమా) మాత్రమే. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. కాబట్టి పాలసీ మీ పేరుకు మారాకే, లేదా కొత్త పాలసీ చేతికొచ్చాకే తాళాలు తీసుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం లెక్కలో దాన్ని కలుపుకోకండి.

లోను విషయం. సెక్షన్ 51 ప్రకారం ఫైనాన్స్ ఇచ్చిన సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా పేరు మారదు. లోను మేమే కట్టేస్తాం అన్న మాట మీద డబ్బు ఇవ్వకండి. లోను మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ బ్యాంకు నుంచి తెప్పించి, అందులోని మొత్తాన్ని మీరే నేరుగా ఆ లోను ఖాతాకు ఆర్టీజీఎస్ చేయండి. తర్వాత బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో లోను నమోదు తీసేయడానికి ఫారం 35 వస్తాయి. అమ్మేది కంపెనీ కనుక కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఛార్జీల (కంపెనీ ఆస్తుల మీద అప్పులిచ్చినవారికున్న హక్కుల) జాబితా కూడా చూడాలి. ఆర్సీలో కనిపించని బ్యాంకు హక్కు అక్కడ బయటపడవచ్చు. ఈ కారును అమ్మడానికి ఫలానా వ్యక్తికి అధికారం ఇస్తున్నామనే బోర్డు తీర్మానం నకలు తీసుకోండి. అది లేకపోతే బ్రోకరు చేతిలోని సంతకం ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

ఇక నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పుదుచ్చేరి నంబరు. అక్కడ పన్ను తక్కువని ఖరీదైన కార్లను దొంగ చిరునామాలతో రిజిస్టర్ చేయించడం, దాని మీద 2017లో కేరళ పోలీసులు కేసులు పెట్టడం తెలిసిందే. ముంబయి కంపెనీ పుదుచ్చేరిలో ఏ చిరునామా చూపించింది? అక్కడ నిజంగా శాఖ ఉందా? తప్పుడు పత్రాలతో పొందిన రిజిస్ట్రేషన్‌ను సెక్షన్ 55(5) కింద రద్దు చేయవచ్చు. అప్పటికి కారు మీ పేరు మీదే ఉన్నా ఆ లోపం పోదు. అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో, అప్పట్లో ఇచ్చిన చిరునామా రుజువు నకలు అడగండి.

కస్టమ్స్ కూడా చూడాలి. ఈ కారు పూర్తిగా విదేశంలో తయారై వచ్చేదే. అధీకృత దిగుమతిదారు ద్వారా వచ్చిందైతే మొదటి ఇన్వాయిస్, ఫారం 21 (అమ్మకం ధ్రువపత్రం), ఫారం 22 (రోడ్డు మీద నడపడానికి తగినదనే ధ్రువపత్రం) ఉండాలి. విడిగా దిగుమతి చేసుకున్నదైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) ఉండాలి, దాని నంబరును కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. ఛాసిస్ నంబరు జెడ్‌హెచ్‌డబ్ల్యూ అక్షరాలతో మొదలవుతుంది. దాన్ని అధీకృత డీలరుకు ఇచ్చి, ఈ కారు మొదట ఏ దేశానికి, ఏ వైపు స్టీరింగ్‌తో వెళ్లిందో రాతలో అడగండి. తర్వాత స్టీరింగ్ మార్చినదైతే అక్కడితో వదిలేయండి. 2025 సెప్టెంబరులో కేరళలో ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరిట కస్టమ్స్ అధికారులు భూటాన్ మీదుగా వచ్చాయన్న అనుమానంతో కార్లు స్వాధీనం చేసుకున్నప్పుడు, అవి చాలావరకు దొరికింది తెచ్చినవాళ్ల దగ్గర కాదు, కొనుక్కున్నవాళ్ల దగ్గర. సుంకం ఎగవేసింది మీరు కాదని వాదించుకోవచ్చు, బాండు, గ్యారంటీ ఇచ్చి కారును తాత్కాలికంగా విడిపించుకోవచ్చు. అన్నాళ్లూ కోర్టుల చుట్టూ తిరిగేది మాత్రం మీరే.

తనిఖీ దగ్గర చట్టంలో ఒక మెలిక ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 ప్రకారం మామూలుగా అమ్మేవాడు నోరు మెదపకుండా ఊరుకుంటే అది మోసం కాదు. అడిగితే అబద్ధం చెప్పడం మోసం. కనుక యాక్సిడెంట్ అయిందా, వరద నీటిలో మునిగిందా, ఇంజిన్, గేర్‌బాక్స్ విప్పారా, మీటరు మార్చారా అని ఈమెయిల్‌లో అడిగి జవాబు రాతలో తెప్పించుకోండి. అలాగని తనిఖీ మానేస్తే సెక్షన్ 19 అడ్డం రావచ్చు, మామూలు జాగ్రత్తతో తెలిసేదే కదా అని ఎదుటి లాయరు అంటారు. అధీకృత సర్వీసు సెంటర్‌లో లిఫ్టు మీద పెట్టించి కింది భాగం చూడండి, మన స్పీడ్ బ్రేకర్లు ఎక్కువగా దెబ్బతీసేది అక్కడే. స్కానర్‌లో క్లచ్ రీడింగు, పాత ఎర్రర్ కోడ్‌లు తీయించండి. కార్బన్ సెరామిక్ డిస్కుల అరుగుదల కంటికి సరిగా ఆనదు, వాటిని తూకం వేసి డిస్కు మీదే ముద్రించిన కనీస బరువుతో పోల్చాలి. ఎగ్జాస్టు మార్చి ఉంటే ఒరిజినల్ తిరిగి బిగించాకే తీసుకోండి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, బీమా కంపెనీలూ దీన్నే పట్టుకుంటాయి. ఈ రిపోర్టును ఒప్పందానికి జత చేయండి, అందులో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే వాక్యం ఉంటే కొట్టేయించండి.

నగదు మాట అసలే వద్దు. ఒకే లావాదేవీలో రూ.2 లక్షలు, ఆపైన నగదు తీసుకున్నవారికి ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడవచ్చు, ఇచ్చిన మీరు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పాలి. పైగా రేపు అమ్మకం రద్దయితే మీరు తిరిగి అడగగలిగేది కాగితం మీదున్న రూ.1.70 కోట్లే. కంపెనీ పన్ను లెక్కల్లో ఈ కారు మీద తరుగుదల (ఏటా తగ్గే విలువ) చూపించుకుని ఉంటే, తరుగు పోను విలువ కంటే ఎక్కువకు అమ్మిన తేడా మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రూ.2.10 కోట్లలో అది కలిసే ఉందని రాయించండి.

లోను కట్టగా మిగిలిన డబ్బును పుదుచ్చేరి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (ఫారం 28) వచ్చాక ఇవ్వండి. కనీసం పదోవంతు మీ పేరుతో ఆర్సీ వచ్చేదాకా ఆపుకోండి. కంపెనీ ఖాళీ అయితే దాని మీద గెలిచిన డిక్రీ (డబ్బు ఇవ్వాలనే కోర్టు ఉత్తర్వు) కూడా పనికిరాదు, అందుకే డైరెక్టర్ల వ్యక్తిగత హామీ ఒప్పందంలోనే ఉండాలి. ఏపీలో కట్టే లైఫ్ ట్యాక్స్‌ను మీరు కొన్న ధర మీద కాక మొదటి ఇన్వాయిస్ ధర, కారు వయసు చూసి లెక్కిస్తారు. మొత్తం లక్షల్లో ఉంటుంది, బేరం ముగియకముందే విజయవాడ ఆర్టీఏలో అడిగి తెలుసుకోండి. పుదుచ్చేరిలో కట్టిన పన్ను వాపసు వస్తే ఎవరిదో కూడా రాసుకోండి.

మీరు పంపిన రూ.5 లక్షల సంగతి ఇవాళే చూడాలి. ఆ డబ్బు యజమానికి చేరలేదు. బ్రోకరుకు, కంపెనీ అధికారిక ఈమెయిల్‌కు ఒకేసారి రాయండి: ఇది ఫలానా ఛాసిస్ నంబరు కారుకు ఇచ్చిన టోకెన్, బోర్డు తీర్మానం, ఫోర్‌క్లోజర్ లెటర్, దిగుమతి పత్రాలు, పుదుచ్చేరి చిరునామా రుజువు 10 రోజుల్లో చూపించకపోతే మొత్తం తిరిగి ఇవ్వాలి. ఆ మొత్తం తమకు ముట్టిందని కంపెనీ రాసి ఇవ్వకపోతే మరో రూపాయి పంపకండి. గడువు దాటితే లాయరు నోటీసు, ఆ తర్వాత రికవరీ దావా. దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. బదిలీ రసీదు, వాట్సాప్ సంభాషణ ఏదీ చెరిపేయకండి.