పాత ఎస్టీమ్‌లో ఏసీ చల్లబడాలంటే కంప్రెసర్ మార్చాలా?

శ్రీకాకుళం నుంచి అడిగారు కదా, 1995 మారుతి ఎస్టీమ్ కారులో ఏసీ చల్లగా రావడం లేదు, మెకానిక్ కంప్రెసర్ (ఏసీ గ్యాసును నొక్కి తిప్పే పంపు) మార్చమంటున్నాడు, మార్చేస్తే సరిపోతుందా అని. సరిపోదు. మాది విజయనగరం. మావగారి నుంచి వచ్చిన అదే బండి ఇంకా నడుపుతున్నాను. పాత కార్ల ఏసీ రోగం చాలాసార్లు బండి మూతి దగ్గరే ఉంటుంది. అక్కడ ముందు కండెన్సర్ (ఏసీ గ్యాసు వేడిని బయటికి వదిలే జాలీ), దాని వెనకే రేడియేటర్ (ఇంజిన్ నీళ్లను చల్లార్చేది) ఉంటాయి. డబ్బులు మాత్రం కంప్రెసర్‌కి పెట్టిస్తారు.

మే నెలలో ఒడిశా జయపురంలో మా ఆవిడ పిన్నిగారింట్లో గృహప్రవేశం. దానికి ముందే ఒక షాపులో కొత్త కంప్రెసర్ వేశారు. కండెన్సర్, రేడియేటర్ విడదీసి మధ్యలో చూడవయ్యా అని నేను చెబుతూనే ఉన్నాను. "అక్కర్లేదు సార్, గ్యాసు కొట్టానంటే ఐసే" అన్నాడు. గజపతినగరం దాకా నిజంగానే ఐసు. రామభద్రపురం దాటాం, సాలూరు దాటాం. ఘాట్ రోడ్డులో లోడు లారీల వెనక రెండో గేరులో పాకుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేచింది. ఏసీ ఆపేసి హీటర్ ఫుల్లుగా తిప్పాను. హీటర్ కోర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిలో కొంత కారులోకి లాగేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, మనుషుల సంగతి వేరు. వెనక సీట్లో పట్టుచీరలో ఉన్న మా అత్తగారు కాసేపు ఓర్చుకుని, "బాబూ, మేం నడిచి వచ్చేస్తాం" అన్నారు.

మలుపులో జాగా చూసి ఆపాను. వెనకే వచ్చిన సాలూరు లారీ డ్రైవరు కూడా ఆపి దిగాడు. రేడియేటర్ మూత ముట్టొద్దని ముందే అరిచాడు. ఆ మూత వేడి నీళ్లను ప్రెషర్‌లో పట్టి ఉంచుతుంది, తిప్పితే మొహం కాలిపోతుంది. సెల్‌ఫోన్ లైటు కండెన్సర్ వెనక సందులోకి కొట్టి చూశాడు. ఉలవ పొట్టు, నువ్వు చెత్త, తూనీగ రెక్కలు, మట్టితో కలిసి గట్టిపడిపోయి ఉన్నాయి. "ఈగ కూడా దూరదు బాబూ, గాలేటి దూరుద్ది?" అన్నాడు. షాపువాడు అంత బిల్లు రాసి చూడనిది ఆయన నిమిషంలో చూశాడు.

ఆ పొట్టు ఎక్కడిదో మన జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. పంట కోతలైతే చాలు, రోడ్డు మీద కట్టలు పరిచేస్తారు, వచ్చే పోయే బళ్లే నూర్చిపెట్టాలి. రైతుకు కళ్లం లేదంటే అర్థం చేసుకుంటాను. కానీ ఆ చెత్తంతా నా కండెన్సర్‌లోకి రావాలా?

తిరిగొచ్చాక వేరే చోట రేడియేటర్ దింపించి రెండూ కడిగించాను. పాత కండెన్సర్ తీసి ప్యారలల్ ఫ్లో రకం (గ్యాసు ఒకేసారి చాలా సన్న గొట్టాల్లో పారేది) వేయించాను, దాని ముందు ఇంకో ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాను. ఎందుకంటే నాది ఆర్12 అనే పాత ఏసీ గ్యాస్ బండి. ఓజోన్ పొరకు చేటని 2008లోనే ఆ గ్యాస్ తయారీ మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కించేది ఆర్134ఏ. మన ఎండల్లో దాని ప్రెషర్ ఆర్12 కంటే ఎక్కువ ఉంటుంది, అందుకే కండెన్సర్ దగ్గర గాలి బాగా ఆడాలి. పాత మినరల్ ఆయిల్ దానితో కలవదు, ఆయిలు మార్చాలి. డ్రయర్ (గ్యాసులోని తడి పీల్చేది), ఓ-రింగులు (జాయింట్ల దగ్గరి రబ్బరు రింగులు) కూడా. గ్యాస్ ఎక్కించే ముందు కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తడి లాగించమనండి. "మనకెందుకు సార్ వాక్యూమ్" అనేవాడి దగ్గర బండి ఉంచకండి. వంట గ్యాస్ కలిపి కొట్టేవాళ్లూ ఉన్నారు, అది అంటుకునే సరుకు.

ఇంకో జబ్బు థర్మోస్టాట్ పీకేయడం. రాష్ట్రంలో ఎక్కడికి వెళ్లినా ఇదే వైద్యం. "మన ఎండలకి అదెందుకు సార్" అని తీసి పారేస్తారు. ఇంజిన్ సరైన వేడికి వచ్చేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపడమే దాని పని. తీసేస్తే ఇంజిన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది, అసలు రోగం కనబడకుండా దాక్కుంటుంది. నా బండిలోనూ ఎవరో ఎప్పుడో పీకేశారు, కొత్తది పెట్టించాను. బోరు నీళ్లు పోయడం కూడా మానిపించండి. లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోస్తే చాలు.

వీడియోల్లో ఢిల్లీ వాళ్లు ఏసీ గ్రిల్‌లో థర్మామీటర్ పెట్టి ఆరు డిగ్రీలు చూపిస్తారు. మనది సముద్రపు గాలి. మన ఏసీ శక్తిలో చాలా వాటా గాలిలోని తడిని పిండటానికే పోతుంది. కారు కింద నీళ్లు ధారగా కారుతున్నాయంటే అది పనిచేస్తున్నట్టే. లోపలి గాలి తిరిగే బటన్ నొక్కి ఉంచండి. నల్ల ఫిల్మ్ మాత్రం అంటించకండి, 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. ఆపిన ప్రతిసారీ చలానా కట్టాలి.

కంప్రెసర్ సంగతంటారా, ఏసీ క్లచ్ (కంప్రెసర్‌ని ఇంజిన్‌తో కలిపేది) పడి ఉండగా ప్రెషర్ గేజీలు పెట్టించండి. కంప్రెసర్‌లోకి గ్యాసు వెళ్లే వైపు, బయటికొచ్చే వైపు ప్రెషర్ ఇంచుమించు ఒక్కటే చూపిస్తే, అప్పుడు మార్చండి.