వేసవిలో కుక్క పాదాలు: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఎండలో నడిచి నీ కుక్కకు ముందు కాళ్ళ అరికాలి మెత్తలు కాలాయి. పొక్కులు మాత్రమే అయితే ఇంట్లో చూసుకోమనేవాణ్ణి. కానీ ఒకచోట పొర లేచి లోపలి ఎర్రదనం కనిపిస్తోంది. కాబట్టి రేపు పొద్దున్నే పశువైద్యుడికి చూపించు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో ఏటా ఎండాకాలం ఇలాంటి కాళ్ళకు కట్లు కట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కుక్క అరికాలు పైకి గట్టిగా కనిపించినా అది ప్రాణమున్న చర్మమే. మందమైన పొర కింద కొవ్వు, దాని నిండా రక్తనాళాలు, నరాలు ఉంటాయి. చిన్న గాటు పడినా రక్తం ధారగా కారేది అందుకే. ఒంటి బరువంతా ఆ మెత్తల మీదే పడుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ మెత్త విచ్చుకుంటుంది, దానితోపాటు గాయమూ విచ్చుకుంటుంది. ఎంత మంచి మందు రాసినా, మర్నాడు షికారుకు తీసుకెళితే మొదటికొస్తుంది. మందుకన్నా ముందు విశ్రాంతి అని నేను పట్టుబట్టేది ఇందుకే. మానేవరకు కాలకృత్యాలకు మాత్రమే కిందికి తీసుకెళ్ళి వెంటనే తెచ్చెయ్యి. పరుగులు, మెట్లు, బంతాట ఏవీ వద్దు. లోతు గాయమైతే రెండు మూడు వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

కాలిన వెంటనే అయితే కుళాయి నీళ్ళు పది పదిహేను నిమిషాలు పొయ్యాలి. ఐసు పెట్టకూడదు. నీకు తెలిసేసరికి ఒకరోజు గడిచిపోయింది కాబట్టి ఇప్పుడు శుభ్రంగా, పొడిగా ఉంచడమే పని. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచాడు ఉప్పు కలిపి, ఆ నీటితో కడిగి, మెత్తని బట్టతో అద్ది తుడువు. పొక్కులు చిదపవద్దు. పసుపు, కాఫీపొడి, నెయ్యి, టూత్‌పేస్టు పూయమని చుట్టుపక్కలవాళ్ళు చెబుతారు, వినవద్దు. మర్నాడు డాక్టరు వాటిని గోకి తీయాలి, ఆ నరకం కుక్క అనుభవించాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పచ్చి కండను దెబ్బతీస్తాయి.

ఇంకొకటి ప్రాధేయపడి చెబుతున్నాను. నొప్పి తగ్గుతుందని మన మాత్రలు వెయ్యవద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కాలేయాన్ని, మూత్రపిండాలను, కడుపును పాడుచేస్తాయి. ప్రాణం పోవచ్చు కూడా.

కట్టు కట్టేటప్పుడు వేళ్ళ సందుల్లో కొంచెం దూది పెట్టు, లేకపోతే చెమటకు ఒరుసుకుపోతాయి. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాలకే. గాయానికి అంటుకోని గాజుగుడ్డ వేసి, పైన దూది పరిచి, క్రేప్ కట్టు చుట్టు. మధ్య రెండు వేళ్ళ గోళ్ళు బయటికి కనిపించేలా వదిలెయ్యి. ఆ వేళ్ళు వాచినా, ఎడంగా జరిగినా, చల్లబడినా కట్టు బిగుసుకుందన్నమాట, వెంటనే విప్పు. బయటికి వెళ్ళేటప్పుడు పైన ప్లాస్టిక్ సంచి తొడిగి, ఇంట్లోకి రాగానే తీసెయ్యి. తడిసిన కట్టు ఉంచడంకన్నా కట్టు లేకపోవడమే మేలు. నాకుతుంటే నోరు కాలికి అందకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ కాలర్ తగిలించు. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది, ఒక్కదానివే కట్టవద్దు. ఒకవేళ పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు.

ముల్లు, పల్లేరుకాయ పైపైన ఉంటే చిన్న పట్టకారుతో లాగెయ్యి. లోతుగా దిగిన గాజుపెంకును కదపవద్దు, డాక్టరుకు వదిలెయ్యి. తెగి రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో పది నిమిషాలు ఆపకుండా నొక్కిపట్టు, మధ్యలో ఎత్తి చూడవద్దు. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రే. గాయం తెరిచి ఉంటే ఈగలు గుడ్లు పెట్టి ఒక్కరోజులోనే పురుగులు పడవచ్చు. పల్లెల్లో వాటి మీద పెట్రోలు, కిరసనాయిలు పోసేవారు. అంత క్రూరత్వం ఇంకొకటి లేదు.

ఇక జాగ్రత్తల్లో ముఖ్యమైనది వేళ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు తారురోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. సూర్యుడు అస్తమించగానే అది చల్లబడదు. అరచేయి కాదు, చేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచు. నువ్వు ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు. తెల్లవారకముందే తిప్పు, మట్టి దారి, గడ్డి ఉన్నవైపు నడిపించు. పచ్చి సిమెంటు మీదికి పోనివ్వవద్దు, దాని క్షారం చర్మాన్ని తినేస్తుంది. దీపావళి మర్నాడు కాకరపువ్వొత్తుల తీగలు, సంక్రాంతికి మాంజా ఏరేసి తర్వాత తీసుకెళ్ళు.

రోజూ ఇంటికి రాగానే నాలుగు పాదాలూ తుడిచి, వేళ్ళ సందులు విప్పి చూడు. పిడుదులు దాక్కునేది అక్కడే. సందుల్లో పెరిగిన వెంట్రుకలు, గోళ్ళు కత్తిరిస్తూ ఉండు. గోళ్ళు పెరిగితే నడక తీరే మారిపోతుంది. మెత్తలు బీటలు వారితే రాత్రి కొద్దిగా కొబ్బరినూనె రాయి, ఎక్కువ రాస్తే మెత్తబడి ఇంకా తొందరగా తెగుతాయి. గాయం మీద మాత్రం రాయకు.

రేపు ఆసుపత్రికి టీకాల కార్డు తీసుకెళ్ళు. ఎప్పుడు, ఎంతసేపు ఎండలో నడిచిందో, నువ్వు ఇప్పటికే ఏమేం రాశావో దాచకుండా చెప్పు.

మీ పెదనాన్న