బల్బు ఆరితే చాలదు

బుజ్జితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విజయవాడ సింగ్ నగర్‌లో ఒక ఇంటి వైరింగ్ మొత్తం నువ్వే ఒప్పుకున్నావట. మీ పెద్దమ్మ తెల్లారేసరికి గుంటూరు బ్రాడీపేటలో మా వీధంతా చెప్పొచ్చింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

డిప్లొమా చదివినదానివి, తెలిసినవి మళ్ళీ ఎందుకు చెప్పడం. లైట్లకి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, లోడెక్కువైతే తనంతట తనే పడిపోయే ఎంసీబీ 6 ఆంపియర్లది. ఒక్కో సర్క్యూట్‌కి 10 పాయింట్లు, 800 వాట్లు మించనివ్వకు. 9 వాట్ల ఎల్ఈడీలే కదా అని పాయింట్లు పెంచుకుంటూ పోకు, రేపు ఏ లైను ఎటు పోయిందో వెతకలేక చస్తావు. షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఖర్చు, వద్దు అని ఇంటాయన అంటే ఆ పని వదిలేసి వచ్చెయ్.

ఆ ఏరియా పేరు వింటేనే నాకు 2024 సెప్టెంబరు, బుడమేరు వరద గుర్తొస్తాయి. ఇంటాయన అందం చెడుతుందన్నా సరే, కింది అంతస్తులో సాకెట్లు నడుం ఎత్తుకి తగ్గనివ్వకు. కింది లైట్లకి వేరే ఎంసీబీ, పై లైట్లకి వేరే పెట్టు. బోర్డు మేడ మీద ఉండాలి. నీళ్ళొస్తే కింద ఆపేసి, పైన దీపం పెట్టుకుని కూర్చోగలగాలి.

ఇక అసలు సంగతి. మీ నాన్న ఎడమ చెయ్యి పూర్తిగా చాచలేడు, చూశావుగా? క్రికెట్‌లో పడ్డానని చెప్పి ఉంటాడు. అబద్ధం. అది నా పని.

1986. మీ అత్త పెళ్ళి మర్నాడే. వరండాలో కొత్త పాయింటు కావాలన్నారు. చెక్క బ్యాటెన్ మీద క్లిప్పులు కొట్టి గంటలో లాగేశాను. చేతిలో మిగిలిన వైరు ఎర్రదొక్కటే, రెండు తీగలూ దాంతోనే వేశాను. స్విచ్ వేస్తే వెలిగింది, తీస్తే ఆరింది. అందరూ శభాష్ అన్నారు. నేను టెస్టరు జేబులోంచి తీయనైనా లేదు.

పెళ్ళయిన మూడో రోజు, వాన. ఆ బల్బు మాడిపోయింది. మీ నాన్న అప్పుడు ఇంటర్. స్విచ్ ఆపాడు తల్లీ, ఆపే స్టూలెక్కాడు. ఒక చేత్తో తడిసిన కిటికీ ఊచ పట్టుకున్నాడు, రెండో చేత్తో బల్బు తిప్పుతుంటే వేలు ఇత్తడి హోల్డరు పిన్నుకి తగిలింది. అరుపు కూడా రాలేదు, స్టూలు పడ్డ చప్పుడే విన్నాను. మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. ఊచ వదిలి కింద పడ్డాడు కాబట్టి బతికాడు.

వాడిని ఆసుపత్రిలో పడుకోబెట్టి ఇంటికొచ్చి, ఆపి ఉన్న స్విచ్ అలాగే ఉంచి, హోల్డర్లో టెస్టరు పెట్టాను. ఎర్రగా వెలిగింది. స్విచ్‌ని ఫేజ్‌లో, అంటే కరెంటు వచ్చే తీగలో కాక, న్యూట్రల్‌లో, అంటే తిరిగి వెళ్ళే తీగలో వేశాను. తీగ ఎటు తెగినా బల్బు ఆరుతుంది. ఫేజ్‌లో తెగితే హోల్డరు దాకా కరెంటు రాదు. న్యూట్రల్‌లో తెగితే బల్బు ఆరినట్టే ఉంటుంది గానీ 230 వోల్టులు హోల్డర్లో కాచుకుని ఉంటాయి.

అందుకే ఫేజ్ ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. వైరు చాలకపోతే పని ఆపు, షాపుకి వెళ్ళు, రంగు మాత్రం మార్చకు. ప్రతి పాయింటునీ స్విచ్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడు. టెస్టరునీ గుడ్డిగా నమ్మకు, ముందు కరెంటున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకో. ఆపాక కూడా ఎల్ఈడీ మసగ్గా వెలుగుతుంటే ముందు న్యూట్రల్ స్విచ్చేమోనని అనుమానించు. ఒకే లైటుకి కిందొకటి, పైనొకటి ఉండే మెట్ల టూవే స్విచ్‌ల దగ్గర మరీ జాగ్రత్త, అక్కడ నా అంతటివాడు కూడా తికమక పడతాడు.

అరిచినట్టుందా? అరిచాను. నీకు కాక ఎవరికి చెప్పుకోను.

నేను చెప్పానని మీ నాన్నతో అనకు, వాడి క్రికెట్ వాడికి ఉండనీ. ఆ ఇంటికి కరెంటిచ్చే రోజు ముందే చెప్పు, బస్సెక్కి వచ్చేస్తాను. వేలు పెట్టనులే, అరుగు మీద కూర్చుంటాను.

మీ పెదనాన్న