గట్టిగా చదివిన చోట గొంతు పగిలినట్టు రికార్డవుతోంది, లెవెల్ ఎంత పెట్టాలి?

దాన్నే క్లిప్పింగ్ అంటారండి. డిజిటల్‌లో 0 డీబీ (డెసిబెల్, సౌండ్ లెవెల్ కొలత) అనేది పైకప్పు, 16 బిట్ ఫైల్‌లో అల ఎత్తుని రాసే నంబర్లలో పెద్దది 32767, దానికి మించి గొంతు లేచినా అక్కడే ఆగిపోతుంది, అందుకే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో జూమ్ చేసి చూస్తే అల కొసలు గుండ్రంగా కాకుండా కత్తిరించినట్టు బల్లపరుపుగా కనిపిస్తాయి. తర్వాత వాల్యూమ్ తగ్గించినా పోయిన కొస తిరిగి రాదు, పగిలిన సౌండే చిన్నగా వినిపిస్తుంది అంతే.

చాలామంది "హలో హలో, మైక్ టెస్టింగ్" అని మెల్లగా అనేసి గెయిన్ (మైక్ సౌండ్‌ని ఎంత పెంచాలనే సెట్టింగ్) పెట్టేస్తారు, అసలు తేడా అక్కడే వస్తుంది. మీరు పద్యమో కథో చదువుతుంటే అందులో బాగా గొంతెత్తే చోటు ఏదో అదే చదువుతూ, మైక్‌కి జానెడు దూరంలో ఉండి, మీటర్‌లో పీక్ (అన్నిటికన్నా ఎత్తైన కొస) మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఆడేలా గెయిన్ తిప్పండి, మామూలు మాట మైనస్ 18 దగ్గర ఉంటే చాలు. చిన్నగా వస్తోందని కంగారు పడకండి, 24 బిట్‌లో రికార్డ్ చేస్తే తర్వాత పెంచుకున్నా హిస్ (వెనకాల వచ్చే బుస లాంటి శబ్దం) పెద్దగా తేలదు, గది నిశ్శబ్దంగా ఉంటే చాలు.

ఇంకోటి, మీటర్ మైనస్ 10 దగ్గరే ఉన్నా సౌండ్ పగులుతోందంటే ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) లోపల మైక్ సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్‌లోనే పగిలిపోయి వస్తోందన్నమాట, సాఫ్ట్‌వేర్ స్లైడర్ తగ్గిస్తే లాభం లేదు, ఇంటర్‌ఫేస్ మీదున్న గెయిన్ నాబే తగ్గించాలి. ప, భ దగ్గర మాత్రమే ధబ్బుమంటుంటే అది గాలి దెబ్బ, మైక్‌ని నోటికి కాస్త పక్కకి జరపండి.