భారతీయ చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ ఇంకు గీతలు కాలంతో ఎలా మారాయి? మనం గీస్తే అలా ఎందుకు రావు?

1960ల తొలినాళ్ల బొమ్మల్లో చెట్లు, మొక్కల ఛాయలు లీలగా పోల్చుకోవచ్చు. అప్పట్లో ఆమె పల్చని ఇంకును బ్రష్‌తో పూసేవారు. 1972లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో బోధన మొదలైంది. ఆ దశాబ్దంలో బ్రష్ స్థానంలోకి స్కేలు, డ్రాఫ్టింగ్ పెన్నులు వచ్చాయి, కాగితం నిండా గళ్లు పరుచుకున్నాయి. 1980లలో గళ్లు కూడా పోయి, ఖాళీ తెలుపు మీద కొద్దిపాటి ఏటవాలు గీతలు, త్రిభుజాలు, చాపాలు మిగిలాయి.

నా దృష్టిలో గళ్ల దశే అన్నిటికన్నా గొప్పది. గీతల మధ్య ఎడం, గీత మందం కొంచెం కొంచెంగా మారడం వల్లే ఆ కాగితం అలలా కదులుతుంది. అన్నీ సమానంగా గీస్తే గ్రాఫ్ పేపరే మిగులుతుంది.

గీసి చూడాలంటే రూలింగ్ పెన్‌లో (రెండు లోహపు రేకుల మధ్య ఇంకు నింపి గీతలు గీసే పెన్ను) ఇంకు 5-6 మిల్లీమీటర్ల ఎత్తు మించనివ్వకండి, బరువుకి బొట్టు జారుతుంది. స్కేలు అంచు కాగితానికి ఆనితే ఇంకు దాని కిందికి పాకి మరకవుతుంది. అంచుకి కాస్త లోపలగా, అడుగున రెండు మూడు పొరల టేపు అంటించి స్కేలును పైకి లేపండి. అడ్డగీతలు పూర్తిగా ఆరాకే నిలువు గీతలు గీయండి. తడి మీద గీస్తే రెండూ కలిసేచోట ఇంకు ఉబ్బి చుక్కలు తేలతాయి.